‘ఎలా వచ్చిందో చెప్పు’

52 లోంచి 37 తీసేయండి. కాగితం వద్దు, ఫోనూ వద్దు. జవాబు రాగానే ఒక్క క్షణం ఆగి, అది మీ బుర్రలోకి ఏ దారిన వచ్చిందో గుర్తు తెచ్చుకోండి.

మీలో చాలామంది "రెండులోంచి ఏడు పోదు, పక్కన అయిదుని అడిగి ఒకటి తెచ్చుకుంటే పన్నెండు" అంటూ బడిలో నేర్పినట్టు చేసి ఉండరు. 37కి మూడు వేస్తే 40, అక్కణ్ణుంచి 52కి పన్నెండు, వెరసి పదిహేను అనుకుని ఉంటారు. లేదా 52 లోంచి ఏకంగా 40 తీసేసి, మూడు ఎక్కువ తీశాం కదాని మళ్లీ కలిపి ఉంటారు. ఈ దారులు మీకు ఎవరూ బోర్డు మీద గీసి చూపించలేదు. బజార్లో, బస్సులో, చిల్లర లెక్క చూసుకునే చోట వాటంతట అవే పట్టుబడ్డాయి.

ఆరేడేళ్ల పిల్లల బుర్రల్లోనూ ఇలాంటి దారులు పడుతూ ఉంటాయి. వాటిని పదిమందిలో పైకి చెప్పించడం, చెప్పినదాన్ని అందరికీ కనపడేలా బోర్డు మీద రాయడం, దాని గురించి పిల్లల చేత వాదన పెట్టించడం. నోటి కూడికలూ తీసివేతలూ నేర్పడానికి ఇంతకు మించిన మార్గం నాకు తెలియదు. ఈ అధ్యాయమంతా దాని గురించే.

బెజవాడ పటమట రైతు బజార్లో వందనోటు ఇచ్చి 63 రూపాయల కూరలు తీసుకున్నామనుకోండి. అమ్మే ఆవిడ నూటిలోంచి అరవై మూడు తీసేయదు. "అరవై మూడు" అంటూ సంచీ చేతికిస్తుంది. అయిదు బిళ్ళా రెండు బిళ్ళా వేసి "డెబ్భై" అంటుంది. పదినోటు పెట్టి "ఎనభై", ఇరవై నోటు పెట్టి "వంద" అంటుంది. తీసివేత అన్న మాటే రాకుండా తీసివేత అయిపోయింది. సెలవు రోజున ఆవిడ పక్కన కూచుని కొత్తిమీర కట్టలు సర్దే మూడో తరగతి పిల్ల కూడా చిల్లర అలాగే ఇస్తుంది. మర్నాడు బళ్లో 100 − 63 అని నిలువుగా రాసిస్తే మాత్రం ఆ పిల్ల సున్నా దగ్గరే ఆగిపోతుంది. సున్నాలోంచి మూడు పోదు, పక్కన అడుగుదామంటే అక్కడా సున్నాయే.

ఇది మన బెజవాడ వింతేమీ కాదు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ పండ్లూ అమ్మే అయిదుగురు పిల్లల్ని టెరెజిన్యా నూనెస్ కారహర్, ఆమె సహచరులు పరిశీలించి 1985లో ప్రచురించారు. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో నూటికి 98 ఒప్పులు. అలాంటి లెక్కల్నే వట్టి అంకెలుగా కాగితం మీద పెడితే 37. అందులో పన్నెండేళ్ల కుర్రాణ్ణి 35 చొప్పున పది కాయలెంత అని అడిగారు. పదితో గుణిస్తే పక్కన సున్నా పెట్టాలన్న బడి సూత్రం జోలికి వాడు పోలేదు. మూడు కాయలు 105 అని వాడికి అలవాటుగా తెలుసు. దాన్నే మూడుసార్లు కలుపుకుంటూ పోయి, చివరి కాయకి 35 వేసి 350 అన్నాడు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అందులోనూ ఇదే కథ. పైగా దాని రెండో ముఖం కూడా బయటపడింది: కాగితం మీద చకచకా చేసే బడి పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. రెండు గట్లూ ఉన్నాయి, మధ్యలో వంతెన లేదు.

ఏటా డిసెంబరు పరీక్షల్లో మనం చూసే తప్పొకటి ఉంది: 52 − 37 = 25. ఏడులోంచి రెండు పోతే అయిదు, అయిదులోంచి మూడు పోతే రెండు. పిల్లల తీసివేతల్లో ఇలా పద్ధతిగా దొర్లే తప్పుల్ని అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో పట్టిక వేసినట్టుగా వివరించారు. అందులో బాగా కనిపించే తప్పుల్లో ఇదొకటి. ఈ పిల్లకి తీసివేత రాదని ఎర్రసిరాతో కొట్టేసేముందు ఒకమాట ఆలోచించండి. చిన్నదాంట్లోంచి పెద్దది పోదు అన్న రూలు మనమే ఒకటో తరగతిలో చెప్పాం. ఆ పిల్ల దాన్ని తుచ తప్పకుండా పాటించింది. పోయిందల్లా ఒక్కటే, ఎదురుగా ఉన్నది యాభై రెండన్న స్పృహ. దాని కంటికి అక్కడున్నవి అయిదూ, రెండూ. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేసే అసర్ సర్వేలో పిల్లలకిచ్చే తీసివేత కూడా ఇలా పక్కనుంచి తెచ్చుకోవలసినదే. 2024లో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో దాదాపు మూడో వంతు మందే దాన్ని చేయగలిగారు.

సరే, పనిలోకి వద్దాం.

అమెరికాలో 1990ల మొదట్లో రూత్ పార్కర్, కాథీ రిచర్డ్‌సన్ అనే ఇద్దరు ‘నంబర్ టాక్స్’ పేరుతో ఒక చిన్న అలవాటును రూపుదిద్దారు. రోజూ పది పదిహేను నిమిషాలు, పలకా పెన్సిలూ లేకుండా, ఒక లెక్క మీద తరగతంతా మాట్లాడుకోవడం. మనకి 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా గణితం పీరియడ్‌ని నాలుగు భాగాలు చేసి, మొదటి భాగం నోటి లెక్కల సంభాషణకే ఇచ్చింది. అంటే మండల పరిషత్ బడిలోనైనా, కార్పొరేషన్ బడిలోనైనా దీనికి టైముందా, పర్మిషనుందా అని అడగాల్సిన పని లేదు. కాకపోతే కాగితం మీద ఉన్న ఆ పది నిమిషాలు చాలాచోట్ల ఎక్కాలు అప్పజెప్పించడంలో కరిగిపోతున్నాయి.

ఎక్కాలంటే నాకు కోపమేమీ లేదు. మన వీధిబడి నోటి మీదే నడిచింది. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో రాసిన నివేదికలో తెలుగు, కన్నడ బడుల పిల్లలు ఇసుకలో వేలితో రాయడం, పైవాళ్లు కిందివాళ్లకి చెప్పడం, ఎక్కాలు వల్లించడం అన్నీ ఉన్నాయి. అంతకుముందే మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ ఈ ఇసుక రాతనీ, పిల్లల చేత పిల్లలకి చెప్పించడాన్నీ పట్టుకెళ్లి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అదో పెద్ద ఉద్యమమైంది. మన అరుగు మీది పద్ధతికి అక్కడ అంత గౌరవం దక్కింది. అయితే వల్లించడంలో అందరి నోటా ఒకే మాట. ఇక్కడ మనకి కావలసింది ఒకే లెక్క మీద నాలుగు నోళ్లలో నాలుగు మాటలు.

ఎలా మొదలుపెట్టాలంటే: పిల్లల్ని బల్లల దగ్గర్నుంచి లేపి బోర్డు ముందు దగ్గరదగ్గరగా కూచోబెట్టండి. చేతులు ఖాళీగా ఉండాలి. లెక్క అడ్డంగా రాయండి, నిలువుగా రాయకండి. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ సగం పని ఇక్కడే ఉంది. నిలువుగా రాసీ రాయగానే పిల్లల కళ్లు కుడిచేతి వైపు చివరి అంకె మీదికి పోతాయి, బుర్ర ఆగిపోయి చెయ్యి మొదలవుతుంది. అడ్డంగా రాస్తే సంఖ్య సంఖ్యగానే మిగులుతుంది. జవాబు వచ్చినవాళ్లు చెయ్యెత్తకూడదు, ‘టీచర్ టీచర్’ అనకూడదు. గుండెకి ఆనించి బొటనవేలు చూపిస్తే చాలు. రెండో దారి తోస్తే రెండో వేలు. ఎత్తిన చేతులు చూస్తే, ఇంకా ఆలోచిస్తున్న పిల్ల ఆలోచించడం మానేస్తుంది. ఈ బొటనవేలు పద్ధతి పెట్టింది అందుకే.

తర్వాత మీరు ఊరుకోవాలి. ఇదే అన్నిటికన్నా కష్టం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతుల టేపులు విని, టీచర్లు ప్రశ్న వేసి సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చింది. మూడు సెకన్లు ఆగితేనే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలు మాట్లాడారు. నోటి లెక్కకి మూడు సెకన్లు కూడా తక్కువే. కిటికీలోంచి కాలవ గట్టు చూస్తూ నిలబడండి, ఏమీ కాదు.

సగానికి పైగా వేళ్లు కనపడ్డాక జవాబులు మాత్రం అడగండి. ఎన్ని వస్తే అన్నీ బోర్డు మీద రాయండి, ఒప్పూ తప్పూ అనకుండా. మీ మొహం మీద జవాబు కనపడకూడదు. పిల్లలు బోర్డు చూడరు, మన కనుబొమలు చూస్తారు. ఒప్పు జవాబుకి మాత్రమే "వెరీగుడ్" అని, తప్పు జవాబుకి "ఊఁ, ఇంకెవరు?" అంటే, ‘ఎలా’ అని అడిగేలోపే ఆట ముగిసిపోతుంది.

ఇప్పుడు ఒక తరగతి ఊహించుకుందాం. ఉయ్యూరు వైపో, పామర్రు వైపో ఒక ప్రాథమిక పాఠశాల. మధ్యాహ్న భోజనానికి రెండు అట్టల గుడ్లు వచ్చాయి. అట్టకి ముప్ఫై. హాజరు 43. పిల్లకొక గుడ్డు ఇస్తే ఎన్ని మిగులుతాయి? రెండు, మూడు తరగతులు కలిసి కూచున్నాయి. బోర్డు మీద 60 − 43. జవాబులు మూడొచ్చాయి: 17, 23, 27. టీచరు మూడూ రాసింది.

"పదిహేడు అన్నవాళ్లలో ఎవరు చెప్తారు? నువ్వు చెప్పమ్మా, ఎలా వచ్చింది?"

"నలభై మూడు కాడ్నించి యాభైకి ఏడు టీచర్. మళ్లీ అరవైకి పది. పదిహేడు."

టీచరు ఒక గీత గీసి, ఒక చివర 43, మధ్యలో 50, రెండో చివర 60 పెట్టి, పైన రెండు గెంతులు వేసింది: 7, 10. నెదర్లాండ్స్ బడుల్లో బాగా వాడే ఈ ఖాళీ గీత మీద అంకెలు ముందే గుర్తు పెట్టి ఉండవు. పిల్ల గెంతిన చోటే గుర్తు పడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. 43 + 7 = 50 + 10 = 60 అని గొలుసుగా రాయకండి. 43 + 7 అరవై కాదు కదా. సమానం గుర్తుకి ‘తర్వాత జవాబు వస్తుంది’ అని అర్థం అనుకునే అలవాటు ఇలాగే పట్టుకుని, హైస్కూల్లో బీజగణితం దాకా వెంటాడుతుంది. గెంతులు వేయండి, లేదా రెండు వరసల్లో రాయండి.

"ఇంకోలా చేసినవాళ్లు?"

"అరవైలోంచి నలభై పోతే ఇరవై. ఇరవైలో మూడు పోతే పదిహేడు."

"నాది వేరే టీచర్. ఒక అట్ట మొత్తం అయిపోద్ది. అంటే ముప్ఫై మందికి అయిపోయింది. ఇంకా పదమూడు మందున్నారు. రెండో అట్టలో పది తీస్తే ఇరవై, మూడు తీస్తే పదిహేడు."

ఈ మూడో దారి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. ముప్ఫైని ఒక ముక్కగా చూడటం గుడ్ల అట్ట నేర్పింది. రెసిఫే కుర్రాడికి 105 ఎలాగో వీడికి ముప్ఫై అలాగ. టీచరు దాన్ని బోర్డు మీద రాసి పక్కన ఆ పిల్లాడి పేరు పెట్టింది. వచ్చే వారం ఇంకొకరు "నేనూ వాడి అట్ట పద్ధతిలోనే చేశాను" అంటే, ఆ రోజంతా పిల్లాడు నేల మీద నడవడు.

ఇప్పుడు 23. దాన్ని చివరికి వదిలిపెట్టడంలో కిటుకుంది. తప్పు అని ఎవరూ అనలేదు, కానీ మూడు దారుల్లోనూ పదిహేడే వచ్చింది. 23 అన్న పిల్లకి లోపల అనుమానం పుట్టేసింది.

"ఇరవై మూడు ఎలా వచ్చిందో ఎవరైనా చెప్పగలరా? అలా అనుకోవడానికి కారణం ఉంటుంది."

ఎవరు చేశారని అడగలేదు, ఎలా వచ్చి ఉంటుందని అడిగింది. ఒక పిల్లాడు "మూడులో సున్నా పోతే మూడు, ఆరులో నాలుగు పోతే రెండు" అన్నాడు. టీచరు: "మరి గుడ్లతో సరిచూద్దామా? నలభై మూడు గుడ్లు తినేశారు, ఇరవై మూడు మిగిలాయంటున్నాం. మొత్తం ఎన్ని వచ్చినట్టు?" కాసేపటికి "అరవై ఆరు!" "వచ్చిందెన్ని?" "అరవయ్యే!" ఆ పిల్ల తనంతట తాను "టీచర్, నాది మార్చుకుంటా" అంది. 27 అన్నవాడు ఇంకా ముందే మార్చుకున్నాడు. ఇరవైలోంచి మూడు తీయడంలో పది మర్చిపోయాడట.

ఇలా జరిగిన రోజున మీరు చెప్పిన పాఠం ఏదీ లేదు. కానీ పిల్లలు నాలుగు సంగతులు విన్నారు. నలభై మూడుని నలభై, మూడుగా విడగొట్టవచ్చని, తీసివేతని కూడికగా చేయవచ్చని, అట్టని ఒక ముక్కగా తీసుకోవచ్చని, జవాబుని వెనక్కి కలిపి సరిచూడవచ్చని. మొదటి మూడూ తమ తోటివాళ్ల నోటి నుంచే.

అన్నిసార్లూ ఇంత చక్కగా సాగదు. మొదటి వారం పిల్లలు ఏమీ చెప్పరు. "ఎలా వచ్చింది?" అంటే "బుర్రలో వచ్చింది టీచర్" అంటారు, లేదా మనం ఎలా అని అడిగామంటే తప్పయిందేమోనని జవాబు మార్చేస్తారు. ఇన్నాళ్లూ వాళ్లు తప్పు చేసినప్పుడే మనం ఎలా అని అడిగాం మరి. ఒప్పు జవాబుకి కూడా ప్రతిరోజూ అదే గొంతుతో అడుగుతూ పోతే ఆ భయం పోతుంది. ఎప్పుడూ ఆ ముగ్గురే మాట్లాడుతుంటే, ముందు పక్కవాళ్లకి చెప్పుకోమనండి, తర్వాత "మీ పక్కమ్మాయి ఎలా చేసిందో చెప్పు" అని అడగండి. సిగ్గరి పిల్లలకి తమ సంగతి చెప్పడం కన్నా పక్కవాళ్ల సంగతి చెప్పడం తేలిక, పెద్దవాళ్లలాగే. మంచి దారి ఒక్కరికీ తోచకపోతే, "వేరే బళ్లో ఒక పిల్ల ఇలా చేసిందట, సరిగ్గానే చేసిందంటారా?" అని మీరే ప్రవేశపెట్టండి. టీచరు చెప్పిందంటే మెదలకుండా ఒప్పుకుంటారు. ఎవరో పిల్ల చేసిందంటే వాదిస్తారు.

ఒకటో తరగతికి అంకెలు కూడా అక్కర్లేదు. పళ్లెం కింద చింతపిక్కలు అయిదూ రెండుగా పేర్చి, మూడు సెకన్లు ఎత్తి మూసేయండి. ఎన్ని? ఎలా చూశావు? ఒకరికి నాలుగూ మూడుగా, ఇంకొకరికి అయిదూ రెండుగా కనపడతాయి. ఖాళీ గుడ్ల అట్ట ఇక్కడా పనికొస్తుంది. అయిదేసి గుంటల వరసలు ఆరుంటాయి. రెండేసి వరసలుగా కత్తిరిస్తే పది గుంటల ముక్కలు మూడొస్తాయి. ఒక ముక్కలో ఎనిమిది నిమ్మకాయలు పెడితే, రెండు గుంటలు ఖాళీ అని కళ్లే చెప్తాయి. ఎనిమిదికి అయిదు కలపాలంటే రెండు ఇక్కడ నింపి మూడు పక్క ముక్కలో పెట్టడం ఏ పిల్లకీ నేర్పనక్కర్లేదు. పదికి జత కట్టడం వచ్చిన పిల్లకి రెండంకెల కూడిక సగం వచ్చినట్టే. వేళ్లు ముడిచి లెక్కపెట్టే పిల్లని ఆపకండి. ఎనిమిదీ అయిదూ అంటే ఒకటి దగ్గర్నుంచి మొదలుపెట్టే పిల్ల, కొన్నాళ్లకి ‘ఎనిమిది’ అని మనసులో పెట్టుకుని తొమ్మిది, పది అంటూ ముందుకు పోతుంది. ఆ తర్వాత పది దగ్గర ఆగి మిగతా మూడు వేస్తుంది. పక్కపిల్ల చెప్పింది వింటే ఈ మెట్లు త్వరగా ఎక్కుతుంది, మనం వేళ్లు పట్టుకుని మూసేస్తే బల్ల కింద లెక్కపెడుతుంది, అంతే తేడా.

లెక్కలు ఎంచుకోవడం మీద టీచరు ఎంత టైము పెడితే అంత ఫలితం. ఒంటరి లెక్క కన్నా, ఒకదాని భుజం పట్టుకుని ఇంకొకటి నడిచే వరస మేలు. 8 + 2, 8 + 5, 18 + 5, 38 + 5 అన్న వరసలో మొదటిది చివరిదానికి దారి చూపిస్తుంది. 27 + 40, 27 + 39, 27 + 38 అన్నదాంట్లో నలభై వేసి వెనక్కి రావడం ఎవరికో ఒకరికి తట్టి తీరుతుంది. తీసివేతకి 40 − 37, 42 − 37, 52 − 37 ఇచ్చి చూడండి. మొదటిదానికి మూడు అని నోట్లోంచి ఊడిపడుతుంది. ఆ మూడు మీదే నిలబడి మిగతా రెండూ చేసేస్తారు. ఇక కథలకి మన ప్రాంతంలో కరువు లేదు. వానాకాలం వస్తే ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, 43 ఎత్తారు, ఇంకా ఎన్ని దించి ఉన్నాయి? టీవీలో పొద్దున్నే విన్న పిల్లలు ఈ లెక్కకి ప్రాణం పెడతారు. రైతు బజారు ధరల బోర్డు ఫొటో ఒకటి తీసుకొస్తే రెండు వారాలకి సరిపడా సరుకు.

డెల్టా పల్లెల్లో ఒకరిద్దరు టీచర్లే అయిదు తరగతులూ చూసుకునే బడులు చాలా ఉన్నాయి. "మాకు ఇవన్నీ కుదరవండీ" అనేది అక్కడినుంచే వస్తుంది. నిజానికి ఈ పద్ధతి వాళ్లకే ఎక్కువ కుదురుతుంది. పైన చెప్పిన 8 + 2 వరసే అందరికీ కలిపి పెట్టండి. మొదటి రెండూ ఒకటో తరగతివాళ్లు చెప్తారు, చివరివి పెద్దవాళ్లు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల మాటలు విని, అర్థమైనంత మూటగట్టుకుంటారు.

భాష గురించి ఒక్కమాట. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న కాలం ఇది. బోధన ఇంగ్లీషులో సాగే బడిలోనైనా, ‘ఎలా వచ్చింది’ అన్నదానికి జవాబు మాత్రం పిల్ల ఇంటి భాషలోనే చెప్పనివ్వండి. ఆలోచనకి మాటలు వెతుక్కునే పనే పెద్దది, దానికి పరాయి భాషని కూడా తగిలిస్తే పిల్ల నోరు మూసుకుంటుంది. అంకెల సంగతి మరీ ముఖ్యం. థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా వినపడి 13 బదులు 30 రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. పదమూడు, ముప్ఫై దగ్గర ఆ తికమక లేదు. పైగా పదమూడులో పదీ మూడూ విడివిడిగా వినపడుతూనే ఉన్నాయి. జవాబు వచ్చాక దాన్ని ఇంగ్లీషులో అనిపించండి, ఎవరొద్దన్నారు?

ఇంకొకటి స్పీడు. ర్యాంకుల ఊళ్లో ఉంటూ వేగం గురించి మాట్లాడకుండా ఎలా? పూసల చట్రం మీద వేళ్లాడించి నిమిషంలో ఇరవై లెక్కలు చేయించే క్లాసులు బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఎన్నో. అది ఒక నైపుణ్యం, కాదనను. కానీ అక్కడ అందరి వేళ్లూ ఒకేలా కదలాలి. ఇక్కడ కావలసింది దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది. చర్చ జరిగే పది నిమిషాల్లో గడియారం పెట్టకండి, ఫస్ట్ ఎవరన్న మాట రానివ్వకండి. వేగం దానంతటది వస్తుంది, మూడు దారులు తెలిసిన పిల్ల వాటిలో దగ్గర దారి వెతుక్కుంటుంది కాబట్టి.

తల్లిదండ్రుల దగ్గర్నుంచి వచ్చే ఫిర్యాదు కూడా ముందే ఊహించుకోండి: "నోట్సు ఖాళీగా ఉందండీ, ఇవాళ లెక్కలు చెప్పలేదా?" దీనికి నోటీసులు పంపి వివరించే కన్నా, హోంవర్కుగా ఒక ప్రశ్న పంపండి. మీ ఇంట్లో చిల్లర ఎవరు లెక్కపెడతారో, 100 లోంచి 63 వాళ్లు ఎలా తీస్తారో కనుక్కుని రమ్మనండి. ఆటో నడిపే నాన్న పద్ధతి, మూర లెక్కన పూలమ్మే అమ్మమ్మ పద్ధతి, షాపులో పనిచేసే బాబాయి పద్ధతి మర్నాడు బోర్డెక్కుతాయి. సంతకం పెట్టడం రాని అమ్మమ్మ పేరు బోర్డు మీద ఉందని తెలిశాక, ఆ ఇంటి నుంచి ఇక ఫిర్యాదు రాదు.

చివరగా, నిలువు లెక్క సంగతి. దాన్ని మానెయ్యమని నేను చెప్పడం లేదు. రెండో తరగతి చివర్లోనో మూడో తరగతిలోనో, పదుల కట్టలు విప్పడం చీపురుపుల్లలతో చేసి చూశాక, దాన్ని కూడా ఒక దారిగా బోర్డు మీద పెట్టండి, అట్ట పద్ధతి పక్కన, అమ్మమ్మ పద్ధతి పక్కన. తర్వాత రెండు లెక్కలిచ్చి దేనికి ఏ దారి తేలికో వాళ్లనే తేల్చమనండి: 1000 − 998, 483 − 267. మొదటిదానికి నిలువుగా రాసి మూడు సున్నాలు దాటుకుంటూ అప్పులు తెచ్చుకునేవాణ్ణి పక్కవాళ్లే "రెండే కదరా!" అని ఆపుతారు. రెండోదాని దగ్గర కాసేపు గెంతులేసి, లెక్క తప్పి, "టీచర్, దీనికి నిలువుదే బాగుంది" అంటారు.